సారీ, కండోలెన్సెస్, సింపతీ, ఆర్‌ఐపీ: ఎవరైనా పోయినప్పుడు ఇంగ్లీషులో ఏ మాట రాయాలి?

మా అక్క కొడుకు అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. ఆ మధ్య ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, మా మేనేజర్ వాళ్ళమ్మ పోయింది. టీమ్ అంతా ఆన్‌లైన్ కార్డు మీద తలా ఒక ముక్క రాస్తున్నారు. అరగంట నుంచి చూస్తున్నా, ఏం రాయాలో తోచడం లేదు." ‘ఐయామ్ సారీ’ అని టైప్ చేశాడట, చెరిపేశాడట. మళ్ళీ రాశాడట, మళ్ళీ చెరిపాడట. "నేనేం తప్పు చేశానని సారీ చెప్పాలి మావయ్యా?"

ఈ సందేహం వాడొక్కడిదే కాదు. సారీ అనే మాట మన తెలుగులోకి ఒకే ఒక్క అర్థంతో వచ్చింది. కాలు తగిలితే సారీ, లేటయితే సారీ, ఫోన్ ఎత్తకపోతే సారీ. చావు కబురు వింటే మాత్రం మన నోట సారీ రాదు, ‘అయ్యో’ వస్తుంది. అందుకే ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి చాలామంది సారీని పక్కనపెట్టి పెద్దమాట కోసం వెతుక్కుంటారు. హార్ట్‌ఫెల్ట్ కండోలెన్సెస్, డీపెస్ట్ సింపతీ, ఏదీ తోచకపోతే మూడక్షరాల ఆర్‌ఐపీ. పత్రికలో అనువాదాలు చేసుకునే నాకు ఈ మాటలు రోజూ చేతిలో పడుతుంటాయి. ఒక్కొక్కటీ ఎక్కడ పుట్టిందో తెలిస్తే, ఎక్కడ రాయాలో సగం తేలిపోతుందని నా నమ్మకం. ఇంకో మాట ముందే చెప్పేస్తాను: మనం భయపడి చెరిపేసే ఆ సారీయే చాలా సందర్భాల్లో సరైన మాట.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, ఆ మాట ఎవరితో మాట్లాడుతోంది? కొన్ని మాటలు పోయినవారితో మాట్లాడతాయి, కొన్ని ఉన్నవారితో. కొన్ని ఎవరితోనూ మాట్లాడవు, రికార్డు కోసం రాసినట్టుంటాయి. మన సందేశం చదివేది ఉన్నవాళ్ళే కాబట్టి దీన్నే ముందు పెడతాను.

రెండోది దగ్గరితనం. వాళ్ళింట్లో అన్నం తిన్న మనిషి రాసేదీ, ఏడాదికి రెండు ఈమెయిళ్ళు పంపే మనిషి రాసేదీ ఒకలా ఉండకూడదు. మూడోది, నోటితో అంటున్నామా, రాస్తున్నామా అన్నది. ఫోన్‌లో ‘మై కండోలెన్సెస్’ అంటే సంతాప సభలో తీర్మానం చదివినట్టుంటుంది. అదే మాట లెటర్‌హెడ్ మీద ఒదిగిపోతుంది. నాలుగోది అవతలివారి మతం, నమ్మకం. ఇక ఐదోది చాలామందికి గుర్తుకే రాదు: ఆ చావులో మన వైపు పొరపాటు ఏమైనా ఉందని ఎవరైనా అనుకునే వీలుందా? డాక్టర్లు, వాహనం నడిపినవాళ్ళు, పని చేయించుకున్న యజమానులు ఇది చూసుకోక తప్పదు.

| మాట | ఎక్కడి నుంచి వచ్చింది | ఎవరితో మాట్లాడుతుంది | ఎక్కడ కుదురుతుంది | ఎక్కడ వద్దు |
|---|---|---|---|---|
| సారీ | పాత ఇంగ్లీషులో నొప్పి, పుండు | ఉన్నవారితో, నేరుగా | స్నేహితులు, సహోద్యోగులు, ఫోన్‌లో మాట | తప్పు మీదేనా అన్న ప్రశ్న ఉన్నచోట, ఆలోచించకుండా |
| కండోలెన్సెస్ | లాటిన్‌లో కలిసి నొప్పి పడటం | ఉన్నవారితో, కాస్త దూరం నుంచి | ఉత్తరం, ఈమెయిల్, సంస్థ తరఫున | ప్రాణస్నేహితులకు |
| సింపతీ | గ్రీకులో కలిసి అనుభవించడం | ఉన్నవారితో | అచ్చు కార్డు, పూలతో పంపే చీటీ | తెలుగువాళ్ళ మధ్య మాటల్లో |
| ఆర్‌ఐపీ | లాటిన్ ప్రార్థన | పోయినవారితో | ప్రముఖులకు నివాళి | ఆ ఇంటివారికి నేరుగా |
| రిగ్రెట్ | పాత ఫ్రెంచిలో పోయినవారి కోసం ఏడవడం | రికార్డుతో | నోటీసు, ప్రకటన | వ్యక్తిగత సందేశం |

సారీ: పుండు నుంచి పుట్టిన మాట

గొంతు నొప్పితో వెళ్తే డాక్టరు చీటీ మీద ‘సోర్ థ్రోట్’ అని రాస్తాడు చూడండి, ఆ సోరే సారీకి తల్లి. పాత ఇంగ్లీషులో ‘సార్’ అంటే నొప్పి, పుండు. దాని నుంచి ‘సారిగ్’ వచ్చింది. చివరి గకారాన్ని యకారంలా మెత్తగా పలికేవారు. నొప్పితో ఉన్న, బాధ నిండిన అని అర్థం. అంటే వెయ్యేళ్ళ కిందటి పలుకుబడి మన తెలుగు ‘సారీ’కి చాలా దగ్గరగా ఉండేదన్నమాట. తర్వాత ఇంగ్లీషులో పాత ‘ఆ’ చాలా మాటల్లో ‘ఓ’ అయింది. ‘హామ్’ హోమ్ అయింది, ‘స్టాన్’ స్టోన్ అయింది. సారీ కూడా అదే దారిలో నడిచింది.

దుఃఖం అనే అర్థమున్న ‘సారో’ దీనికి అక్కాచెల్లెళ్ళ వరస అనుకుంటాం. కాదు. సారో పుట్టింది ‘సోర్గ్’ అనే వేరే మాట నుంచి. జర్మన్‌లో ఇప్పటికీ ‘జోర్గె’ అంటే చింత, దిగులు. రెండు మాటలూ పక్కపక్కనే తిరిగి తిరిగి ఒకదాని పోలిక ఒకదానికి వచ్చింది, పుట్టిల్లు మాత్రం వేరు. మన ‘విచారం’ కూడా కొంచెం జోర్గె లాంటిదే. సంస్కృతంలో ఆలోచన, తెలుగులోకి వచ్చేసరికి దిగులు.

కాబట్టి ‘ఐయామ్ సారీ’ అంటే మొదటి అర్థం ‘నాకు నొప్పిగా ఉంది’ అనే. తప్పు ఒప్పుకోవడం తర్వాత వచ్చి చేరింది. విడిగా ‘సారీ’ అని ఒక్క ముక్కలో క్షమాపణ చెప్పే అలవాటు 19వ శతాబ్దం నాటిది. మనకు మాత్రం ఆ చివరి అర్థమే చేరింది, మొదటిది అక్కడే ఉండిపోయింది. ‘కడుపుకోత’ అనే మాట ఉన్న భాష మనది. దుఃఖాన్ని గాయంగా చెప్పడం మనకు కొత్త కాదు. సారీని ఆ చెవితో వింటే మా వాడికి వచ్చిన సందేహం రాదు.

అయినా ఈ రెండు అర్థాల మధ్య ఇరుకు ఇంగ్లీషువాళ్ళకూ ఉంది. 2001 ఏప్రిల్ 1న చైనాలోని హైనాన్ ద్వీపం దగ్గర అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వెయ్ చనిపోయాడు. అమెరికా విమానం హైనాన్‌లో దిగింది, అందులోని 24 మందినీ చైనా అదుపులో ఉంచుకుంది. క్షమాపణ చెప్పాలని బీజింగ్ పట్టుబట్టింది. చివరికి ఏప్రిల్ 11న అమెరికా రాయబారి ఇచ్చిన ఉత్తరంలో ‘వెరీ సారీ’ రెండు చోట్ల వచ్చింది: ఒకటి పైలట్ మరణానికి, ఒకటి అనుమతి లేకుండా వాళ్ళ గగనతలంలోకి వచ్చి దిగినందుకు. అది విచారమే, క్షమాపణ కాదని వాషింగ్టన్ చెప్పుకుంది. క్షమాపణగానే బీజింగ్ తన ప్రజలకు చూపించింది. 24 మందీ ఇళ్ళకు వెళ్ళారు. ఒకే మాటలో రెండు అర్థాలు ఉండబట్టే ఆ ముడి విడిపోయింది.

వైద్యం దగ్గర ఇదే ఇరుకు ఇంకోలా వస్తుంది. రోగి చనిపోతే ‘ఐయామ్ సారీ’ అనడానికి డాక్టరు భయపడతాడు, రేపు కోర్టులో దాన్ని ఒప్పుకోలుగా చూపిస్తారేమోనని. అందుకే అమెరికాలో మసాచుసెట్స్ 1986లోనే చట్టం తెచ్చింది, ప్రమాదం తర్వాత చెప్పిన సానుభూతి మాటలను తప్పు ఒప్పుకున్నట్టు సాక్ష్యంగా వాడకూడదని. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఇంగ్లండ్‌లో 2006 నాటి పరిహార చట్టం కూడా క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని చెప్పింది.

ఈ చిక్కులేవీ లేని మామూలు మనిషికి నా సలహా: సారీ రాయండి. కాకపోతే దాని వెనకాల ఏం రాస్తారో జాగ్రత్త. ‘సారీ ఫర్ యువర్ లాస్’ అన్నది బాగా అరిగిపోయింది. పైగా మన చెవికి లాస్ అంటే వ్యాపారంలో వచ్చేది. ఆ చోట మనిషిని పెట్టండి. ‘ఐయామ్ సో సారీ అబౌట్ యువర్ మదర్.’ పేరు తెలిస్తే పేరే రాయండి. ఈ చిన్న మార్పుతో వాక్యానికి ప్రాణం వస్తుంది.

మా అమ్మ పోయినప్పుడు నా ఫోన్ నిండా సందేశాలు వచ్చాయి. చాలావాటిలో ఒకటే వాక్యం, పంపినవారి పేరు మాత్రం వేరు. ఒకప్పుడు నాతో పనిచేసిన ఒక బెంగాలీ అమ్మాయి పంపింది మాత్రం రెండు ముక్కలు. ఇంగ్లీషులోనే రాసింది: ‘సారీ దాదా. ఆ రోజు బస్సు తప్పిపోతే మీ అమ్మ నాకు పెరుగన్నం పెట్టింది, పక్కన మాగాయ వేసింది.’ ఆ మాగాయ సంగతి నేను మరిచేపోయాను. పెద్దకర్మ రోజు మా అక్కకు చదివి వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ చదవమంది.

కండోలెన్సెస్: కాస్త దూరంగా ఉన్నప్పుడు

లాటిన్‌లో ‘కోన్’ అంటే కలిసి, ‘దొలేరె’ అంటే నొప్పి పడటం. ఇంగ్లీషులో 17వ శతాబ్దం మొదట్నుంచీ కనిపిస్తుంది. అంటే పుట్టుకలో ఇది సారీకంటే మెరుగు, నీ నొప్పిలో నేనూ ఉన్నానంటోంది. వాడుకలో మాత్రం చల్లబడిపోయింది. రాయబారులు, రాజులు, ప్రభుత్వాలు పంపుకునే సందేశాల్లో తిరిగి తిరిగి దానికి ఇస్త్రీ బట్టల బిగువు వచ్చింది. మన ‘ప్రగాఢ సంతాపం’ సంగతీ అంతే కదా. తాపం అంటే వేడి, కాలడం. సంతాపంలో ఎంత మంట ఉందో! పేపర్లో ‘ప్రగాఢ సంతాపం ప్రకటించారు’ అని చదివితే ఆ వేడి ఎవరికీ తగలదు.

అలాగని తీసేయాల్సిన మాట కాదు. మీరు ఒక కంపెనీ తరఫున క్లయింటుకు రాస్తున్నారు, సంఘం తరఫున సభ్యుడి కుటుంబానికి రాస్తున్నారు, ముఖపరిచయం మాత్రమే ఉన్న పెద్దాయనకు రాస్తున్నారు. అక్కడ ‘సారీ’ చనువు తీసుకున్నట్టుంటుంది, కండోలెన్సెస్ మర్యాదగా గుమ్మం దగ్గర నిలబడుతుంది. ‘ప్లీజ్ యాక్సెప్ట్ మై కండోలెన్సెస్’ చాలు. హార్ట్‌ఫెల్ట్, డీపెస్ట్, సిన్సియరెస్ట్ అని వరసగా తగిలించకండి, విశేషణం పెరిగేకొద్దీ మాట బోలుగా మోగుతుంది. సందేశంలో బహువచనమే వాడుక. ‘కండోలెన్స్’ అన్న ఏకవచనం ఉత్తరానికో సభకో ముందు వస్తుంది. నోటితో అనేటప్పుడు ఊనిక ‘డో’ మీద పడాలి.

సింపతీ: మన దగ్గర మైలపడిన మాట

గ్రీకులో కలిసి అనుభవించడం. మన ‘సానుభూతి’ అచ్చం అలాగే కట్టిన మాట: స, అనుభూతి. ఇంగ్లీషు దేశాల్లో దుకాణంలో అమ్మే సంతాప కార్డుల మీద ‘విత్ డీపెస్ట్ సింపతీ’ అని ఉంటుంది, ఎవరూ తప్పుగా తీసుకోరు. కార్డు కొంటే నిశ్చింతగా సంతకం పెట్టి పంపండి.

చిక్కు తెలుగువాళ్ళ మధ్యనే. మన రాజకీయాల్లో ‘సింపతీ ఓట్లు’ విని విని, ‘సింపతీ కోసం చేస్తున్నాడు’ అని అనీ అనీ, ఆ మాటకు జాలిపడటం, పైనుంచి కిందికి చూడటం అంటుకుంది. తోటి తెలుగువాడికి ఇంగ్లీషులో రాసేటప్పుడు దీన్ని నేను వాడను. ఎంపతీ ఇంకా కుదరదు. అది 1909లో ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక జర్మన్ మాటకు సమానంగా తయారుచేసిన శాస్త్ర పదం. ‘ఐ ఎంపతైజ్ విత్ యూ’ అని దుఃఖంలో ఉన్నవారికి రాస్తే పాఠం చెప్పినట్టుంటుంది.

ఆర్‌ఐపీ: పోయినవారి కోసం చేసే ప్రార్థన

ఇంగ్లీషు ‘రెస్ట్ ఇన్ పీస్’కి పొడి అక్షరాలనుకుంటాం. అంతకుముందే అది లాటిన్ ‘రెక్వియెస్కాత్ ఇన్ పాచే’. రెండు భాషల్లోనూ మొదటి అక్షరాలు కలిశాయి. క్రైస్తవ సమాధుల మీద చెక్కిన ప్రార్థన అది. పునరుత్థానం దాకా పోయినవారు ప్రశాంతంగా విశ్రమించాలని కోరిక. క్రైస్తవ కుటుంబానికి ఇది ఎంతో సొంతమైన మాట. దహనం చేసే ఇంటివారికి ఆ ఊహే వేరు, వాళ్ళు కోరుకునేది సద్గతి. ముస్లిం మిత్రుల ఇంట్లో అయితే ‘ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్’ అంటారు, మనం దేవుడివాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తామని. ఏ నమ్మకమో తెలియనప్పుడు సారీకి మతం లేదని గుర్తుంచుకోండి.

దీంట్లో నాకు అసలు అభ్యంతరం వేరే ఉంది. ఇది పోయినవారితో మాట్లాడుతుంది. కళాకారుడో, నాయకుడో పోయినప్పుడు నలుగురిలో నివాళిగా రాస్తే అందం. తండ్రిని పోగొట్టుకున్న మనిషి వాట్సాప్‌లోకి నేరుగా ఈ మూడక్షరాలు పంపితే, అతని పక్కనుంచి నడిచిపోయినట్టే. గ్రూపులో వందమంది వరసగా పెడుతుంటే మీరూ పెట్టండి, తప్పులేదు. ఆ తర్వాత విడిగా ఒక వాక్యం రాయండి.

రిగ్రెట్: సంస్థల మాట

దీని కథ వింటే జాలేస్తుంది. పాత ఫ్రెంచిలో ‘రెగ్రెతేర్’ అంటే పోయినవారిని తలుచుకుని బిగ్గరగా ఏడవడం. ఇప్పుడు ఉద్యోగం ఇవ్వలేమని చెప్పే ఉత్తరాన్ని రిగ్రెట్ లెటర్ అంటున్నాం. ‘వియ్ రిగ్రెట్ టు ఇన్ఫార్మ్’ అని మరణవార్త తెలియజేసే నోటీసుకు అది సరే. ఓదార్చడానికి పనికిరాదు.

బాధ్యత తీసుకోకుండా విచారం చెప్పాలనుకున్నప్పుడు ప్రభుత్వాలు ఎంచుకునే మాట ఇదే. 1919 ఏప్రిల్ 13 నాటి జలియన్‌వాలాబాగ్ గురించి, నూరేళ్ళు నిండబోతుండగా 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో చెప్పింది ‘డీప్లీ రిగ్రెట్’ అనే. మన దేశంలో ఎదురుచూసిన క్షమాపణ ఆ మాటలో లేదు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కున్న విషయంలో 1999లో ప్రధాని జాన్ హోవర్డ్ తీర్మానం కూడా ‘రిగ్రెట్’ దగ్గరే ఆగింది. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ అదే పార్లమెంటులో నిలబడి ‘వియ్ సే సారీ’ అన్నాడు. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. అక్షరాల లెక్కన రెండూ చిన్న మాటలే. ఆ రెంటి మధ్య తేడా ఎంతో ఆ గ్యాలరీలోవాళ్ళకు తెలుసు.

మీ వైపు నిజంగా తప్పు ఉంటే రిగ్రెట్ వెనకాల దాక్కోవద్దు. ‘అపాలజైజ్’ అని స్పష్టంగా చెప్పండి. చిత్రమేమిటంటే ఆ మాటకు మూలమైన గ్రీకు ‘అపోలోగియా’ అంటే కోర్టులో తన తరఫు వాదన. క్రీ.పూ. 399లో సోక్రటీసు న్యాయస్థానంలో చెప్పుకున్నది అదే. ఇప్పుడు అర్థం పూర్తిగా తిరగబడింది, నేను చేశాను అని ఒప్పుకోవడానికి దీనికంటే సూటి మాట లేదు.

మిగతావి

‘అలాస్’ అంటే అయ్యో. పాత ఫ్రెంచి ‘హా లాస్’, లాస్ అంటే అలిసిపోయిన. ఇప్పుడు నాటకాల్లోనే బాగుంటుంది, సందేశంలో రాయకండి. ‘బిరీవ్డ్’ పుట్టుకలో దోచుకోబడిన అని అర్థం, మృత్యువు ఎత్తుకుపోయిందని మనం అంటామే, అలా. ‘ద బిరీవ్డ్ ఫ్యామిలీ’ అని పేపర్లో రాయొచ్చు, వాళ్ళతోనే అలా అనకూడదు. ‘గ్రీఫ్’ మాత్రం నాకెంతో ఇష్టమైన మాట. లాటిన్ ‘గ్రావిస్’ నుంచి వచ్చింది, బరువైన అని. సంస్కృతంలో ‘గురు’ కూడా అదే వేరు నుంచి పుట్టింది. గుండె బరువెక్కిందని మనం అనేది, వాళ్ళు గ్రీఫ్ అనేది ఒకటే.

మీ పరిస్థితి ఏది?

ఆఫీసులో పైవాళ్ళకో, పక్క సీటు మనిషికో రాస్తుంటే సారీయే. కింద ఒక పని వాక్యం కలపండి: ‘శుక్రవారం రిపోర్టు నేను చూసుకుంటాను’ అని. ‘ఏ సాయం కావాలన్నా అడగండి’ అంటే, అడగాల్సిన బరువు మళ్ళీ వాళ్ళ మీదే పడుతుంది.

బాల్యస్నేహితుడైతే ఇంగ్లీషు ఎందుకు? ఫోన్ చేసి "ఒరేయ్" అనండి చాలు. వీలైతే వెళ్ళి పలకరించి రండి.

చిన్నవయసు వాళ్ళు పోయినప్పుడు, లేదా తండ్రి పోయిన పిల్లలకు రాయాల్సినప్పుడు ఏ మాటా చాలదు. అప్పుడు నేను అబ్రహాం లింకన్ ఉత్తరం ఒకటి తీసి చూసుకుంటాను. 1862 డిసెంబర్‌లో అంతర్యుద్ధంలో ఆయన పాత మిత్రుడు విలియం మెకల్లో చనిపోయాడు. మెకల్లో కూతురు ఫ్యానీ తేరుకోలేకపోతోందని తెలిసి, డిసెంబర్ 23న లింకన్ ఆమెకు రాశాడు. దుఃఖం అందరికీ వస్తుందని, చిన్నవాళ్ళను మరీ చేదుగా తాకుతుందని, ఎందుకంటే వాళ్ళు దానికి సిద్ధంగా ఉండరని. ఇప్పుడు నమ్మలేవు కానీ మళ్ళీ సంతోషంగా ఉంటావని. ఇది అనుభవంతోనే చెబుతున్నానని. తొమ్మిదేళ్ళకే తల్లిని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కొడుకు విల్లీ పోయాడు. ‘గ్రీఫ్’, ‘సారో’ లాంటి పాత చిన్న మాటలే ఆ ఉత్తరం నిండా ఉన్నాయి. తన బాధ ప్రస్తావన ఒక్క వాక్యంతో ఆపేశాడు, అది గమనించండి. మన కథ మొదలుపెడితే అవతలివాళ్ళు మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇక ఆలస్యమైపోయినవాళ్ళు. నెల దాటింది, ఇప్పుడేం రాస్తాంలే అని ఊరుకుంటారు. రాయండి. మొదటి పదిరోజులు ఇల్లంతా జనం, సందేశాలు చదివే తీరికే ఉండదు. ఆ తర్వాతే ఇల్లు ఖాళీ అవుతుంది. ‘ఐయామ్ సారీ ఐ డిడ్ నాట్ రైట్ సూనర్. ఐయామ్ సో సారీ అబౌట్ యువర్ ఫాదర్.’ మొదటి సారీ క్షమాపణ, రెండోది నొప్పి. పక్కపక్కనే ఉన్నా చదివేవారికి ఏది ఏదో తెలిసిపోతుంది.

మా అక్క కొడుకు ఆ రాత్రి కార్డు మీద చివరికి ఏం రాశాడో స్క్రీన్‌షాట్ పంపాడు. ‘ఐయామ్ సో సారీ అబౌట్ యువర్ మామ్. కిందటి డిసెంబర్‌లో ఆమె మా టీమ్ కోసం చేసి పంపిన కుకీలు మా పాప ఇప్పటికీ అడుగుతుంది.’ మర్నాడు ఆ మేనేజర్ వాడి డెస్క్ దగ్గరికి వచ్చి, పాప పేరేంటని అడిగిందట.